చంద్రయాన్-3కి నలభై రోజులు ఎందుకు పట్టింది? అపోలో నాలుగు రోజుల్లో దిగింది కదా!

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అపోలో-11 నాలుగు రోజుల్లో చంద్రుడి మీద దిగింది, రష్యా వాళ్ళ లూనా-25 మన తర్వాత బయల్దేరి మనకంటే ముందే దిగబోయింది, మనకు మాత్రం నలభై రోజులెందుకు అని అడుగుతోంది. మా బావగారేమో 'మన రాకెట్‌కి అంత దమ్ము లేదు, అందుకే భూమి చుట్టూ ఒడిసెల రాయిలా గిరగిరా తిప్పి విసిరారు' అన్నారు. నిజమేనా? చంద్రయాన్-2 కూలిపోవడానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?"

ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు ఆర్బిటల్ మెకానిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న క్లాసులో కంటే పెళ్ళి భోజనాల దగ్గరే ఎక్కువసార్లు విన్నాను. మీ బావగారు సగం కరెక్టు. రాకెట్ గురించి ఆయన అన్నది నిజమే. ఒడిసెల మాట మాత్రం తప్పు. ఆ తప్పు ఆయనది కాదు లెండి, అప్పట్లో టీవీల్లో అదే బొమ్మ వేసి చూపించారు.

ముందు తేదీలు పక్కపక్కన పెట్టుకుందాం. ప్రయోగం 2023 జులై 14. భూమిని వదిలి చంద్రుడి దారి పట్టింది జులై 31 అర్ధరాత్రి దాటాక, అంటే ఆగస్టు 1. చంద్రుడి కక్ష్యలోకి చేరింది ఆగస్టు 5 సాయంత్రం. దిగింది ఆగస్టు 23. ఇందులో భూమి దగ్గర నుంచి చంద్రుడి దాకా ప్రయాణం ఎంత? అయిదు రోజులు కూడా నిండలేదు. లూనా-25కీ దాదాపు అంతే పట్టింది. అపోలోకి చంద్రుడి కక్ష్య చేరడానికి మూడు రోజుల పైచిలుకు. అంటే దారిలో మనం నత్తనడక నడిచిందేమీ లేదు. ఇటు భూమి దగ్గర పదిహేడున్నర రోజులు, అటు చంద్రుడి దగ్గర పద్దెనిమిది రోజులు ఉన్నాం. ఈ రెండు చోట్లా ఆగడానికి కారణాలు వేరు వేరు. అందరూ రెంటినీ కలిపేసి ఒకే జవాబు వెతుకుతారు, అక్కడే తికమక.

భూమి దగ్గర సంగతి ముందు చూద్దాం. ఆ రోజు నేను సూళ్ళూరుపేటలో మా చెల్లెలి ఇంటి మేడ మీద ఉన్నాను. మధ్యాహ్నం 2:35కి ఎండలో నిప్పు గీత పైకి లేచింది, దాదాపు నిమిషం తర్వాత గానీ ఉరుము మా దాకా రాలేదు. కిందికి దిగి మజ్జిగ తాగి టీవీ ముందు కూర్చునేసరికి నౌక రాకెట్ నుంచి విడిపోయింది. ప్రయోగం నుంచి అప్పటికి సుమారు 16 నిమిషాలు. ఈ పదహారు నిమిషాల విలువ చాలామందికి తెలియదు. విడిపోయేసరికి నౌక ఉన్న కక్ష్య భూమికి దగ్గరి కొసన 170 కిలోమీటర్లు, దూరపు కొసన సుమారు 36,500 కిలోమీటర్లు. ఆ దగ్గరి కొసన దాని వేగం లెక్కగడితే సెకనుకు దాదాపు 10.3 కిలోమీటర్లు వస్తుంది. చంద్రుడి దాకా వెళ్ళాలంటే అదే చోట సుమారు 10.9 కావాలి. రూపాయి కావాల్సిన చోట 94 పైసలు మన రాకెట్ ఎల్‌వీఎం-3 పదహారు నిమిషాల్లోనే ఇచ్చేసింది. పదిహేడు రోజులు పట్టింది మిగిలిన ఆరు పైసలకి.

ఆ ఆరు పైసలు ఎవరివ్వాలి? రాకెట్ పని అయిపోయింది. ఇక నౌకకున్న సొంత ఇంజినే దిక్కు. దాని బలం 440 న్యూటన్లు. న్యూటన్లంటే బుర్రకెక్కకపోతే ఇలా అనుకోండి: ఇప్పుడొచ్చే యూరియా బస్తా 45 కిలోలు కదా, దాన్ని భుజాన వేసుకుంటే భుజం మీద ఎంత ఒత్తిడి పడుతుందో అంత. నౌక బరువు 3,900 కిలోలు. బస్తా అంత తోపుతో నాలుగు టన్నుల బండిని తోస్తున్నాం అన్నమాట. 440ని 3,900తో భాగిస్తే సెకనుకు 11 సెంటీమీటర్ల వేగం పెరుగుతుందని తేలుతుంది. మనకు కావాల్సింది సెకనుకు 650 మీటర్ల పెరుగుదల. ఇంజిన్‌ని ఆపకుండా గంటన్నర మండించాలి.

మండించొచ్చు, ఇంజిన్‌కేమీ కాదు. చిక్కల్లా నౌక గంటన్నర సేపు ఒకచోట ఉండకపోవడమే. దగ్గరి కొసన అది పది నిమిషాల్లో ఆరు వేల కిలోమీటర్లు పోతుంది. తొయ్యాల్సింది ఆ దగ్గరి కొసనే. ఎందుకంటారా? ఇక్కడే ఒడిసెల పక్కన పెట్టి ఉయ్యాల తెచ్చుకోవాలి.

అట్లతద్దికి చెట్టుకి ఉయ్యాల కట్టి ఊపేవాళ్ళం. పైకి వెళ్ళి ఆగబోతున్న ఉయ్యాలని తోస్తే ఏం లాభం ఉండదు. కిందికి వచ్చి జోరుగా పోతున్నప్పుడు అందుకుని తోస్తే, అదే చెయ్యి, అదే బలం, కానీ ఉయ్యాల ఇంకో మూరెడు పైకి లేస్తుంది. (ఆ పండక్కి ఉపవాసం విడిచేది చంద్రుణ్ణి చూశాకే అన్నది వేరే సంగతి.) కక్ష్యలోనూ అంతే. వేగంగా పోతున్న వస్తువుకి అదే చిన్న తోపు ఇస్తే దానికి చేరే శక్తి ఎక్కువ, ఎందుకంటే గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొదటి కక్ష్యలో దగ్గరి కొసన వేగం 10.3, దూరపు కొసన 1.6 మాత్రమే. ఒకే ఇంధనం ఖర్చుకి దగ్గరి కొసన దొరికే శక్తి ఆరు రెట్ల పైమాట. దీన్నే ఓబెర్త్ ప్రభావం అంటారు.

ఒడిసెల పోలిక ఎందుకు తప్పో ఇప్పుడు తెలుస్తుంది. ఒడిసెలలో తాడు రాయికి శక్తినిస్తుంది. భూమి చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా భూమి ఆకర్షణ నౌకకి ఒక్క పైసా అదనంగా ఇవ్వదు. దిగేటప్పుడు ఇచ్చిందంతా ఎక్కేటప్పుడు వెనక్కి తీసేసుకుంటుంది. ఇంజిన్ ముట్టించకపోతే వెయ్యి చుట్లు తిరిగినా అదే కక్ష్య. తిరగడం వల్ల వేగం రాలేదు, దగ్గరి కొస మళ్ళీ వచ్చేదాకా ఆగాలి కాబట్టి తిరిగింది.

అలా అయిదుసార్లు చిన్న చిన్న తోపులు ఇచ్చారు: జులై 15, 17, 18, 20, 25. దూరపు కొస 41 వేల కిలోమీటర్ల నుంచి 51 వేలు, 71 వేలు, చివరికి 1,27,603 కిలోమీటర్లు అయింది. రెండో తోపు మాత్రం దగ్గరి కొసని 173 నుంచి 226కి లేపడానికి. కక్ష్య పెరిగేకొద్దీ ఒక్కో చుట్టుకి పట్టే సమయం కూడా పెరుగుతుంది. మొదట్లో చుట్టు పదిన్నర గంటలు చిల్లర. 1,27,603 కక్ష్యకి లెక్కేస్తే 51 గంటలు దాటుతుంది. జులై 25 మధ్యాహ్నం నుంచి ఆగస్టు 1 తెల్లవారుజాము దాకా ఏం చేశారని ఒకాయన నన్ను నిలదీశాడు. మూడు చుట్లు. 51.5ని మూడుతో గుణించి చూసుకోమన్నాను, గంట తేడా కూడా రాలేదు.

ఇలా ముక్కలు చేయడంలో ఇంకో సుఖం ఉంది. ప్రతి తోపు తర్వాత ఇంజిన్ ఎంత బలం ఇచ్చింది, నౌక ఎటు జరిగింది అని నింపాదిగా కొలుచుకోవచ్చు. మొదటి దాంట్లో చిన్న తేడా వస్తే రెండో దాంట్లో సర్దుకోవచ్చు. ఒకే దెబ్బకి పంపేస్తే ఆ వీలు తక్కువ. మన వాళ్ళకి ఇది కొత్త దారి కాదు, 2008లో చంద్రయాన్-1 కూడా ఇలాగే వెళ్ళింది. మంగళయాన్ సైతం 2013 నవంబరు 5న బయల్దేరి, నెలాఖరు దాకా భూమి చుట్టూ ఇలాగే కక్ష్య పెంచుకుని, డిసెంబరు 1న అంగారకుడి దారి పట్టింది.

మరి అపోలో? ఆ రాకెట్, శాటర్న్-5, ఎత్తు 110 మీటర్లు, బరువు 2,900 టన్నుల పైన. మన ఎల్‌వీఎం-3 ఎత్తు 43.5 మీటర్లు, బరువు సుమారు 640 టన్నులు. అపోలోని చంద్రుడి దారికి ఎక్కించిన మూడో దశ ఇంజిన్ బలం సుమారు పది లక్షల న్యూటన్లు. మన 440 పక్కన పెట్టి చూడండి. గంటన్నర పని దానికి ఆరు నిమిషాల లోపే అయిపోయింది, అదీ 45 టన్నుల బరువుతో. పైగా వాళ్ళకి ఆగే వీల్లేదు. లోపల ముగ్గురు మనుషులున్నారు, వాళ్ళకి గాలి, నీళ్ళు, తిండి కావాలి. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీల్లోంచి మళ్ళీ మళ్ళీ పోతే ఎలక్ట్రానిక్స్ తట్టుకుంటాయేమో గానీ, మనుషుల్ని అలా తిప్పరు.

లూనా-25 కథ ఇంకోటి. అది మొత్తం 1,750 కిలోలే. మన నౌకలో ఒక్క ల్యాండరే 1,752 కిలోలు. పైగా వాళ్ళ సోయుజ్ రాకెట్ మీద ఫ్రెగాట్ అని ఒక పై దశ ఉంది, నేరుగా చంద్రుడి దారికి ఎక్కించే పని అదే చేసింది. మనం కూడా బరువు బాగా తగ్గించుకుంటే ఎల్‌వీఎం-3తో నేరుగా పంపొచ్చు. అప్పుడు తీసేయాల్సింది ఇంధనమో, పరికరాలో. ఆగస్టు 19న లూనా-25 కక్ష్య మార్చేటప్పుడు ఇంజిన్ 84 సెకన్లు మండాల్సింది 127 సెకన్లు మండి, నౌక చంద్రుణ్ణి గుద్దుకుంది. ఆ రోజు మన దగ్గర కొందరు వెక్కిరించారు, నాకు నచ్చలేదు. 1959లో చంద్రుణ్ణి మొట్టమొదట తాకినదీ, 1966లో మొట్టమొదట మెత్తగా దిగినదీ ఆ లూనాలే.

ఇక చంద్రుడి దగ్గర పద్దెనిమిది రోజులు. ఆగస్టు 5న అరగంట సేపు ఇంజిన్‌ని ఎదురు దిశలో మండించి 164 × 18,074 కిలోమీటర్ల (దగ్గరి కొస × దూరపు కొస) కక్ష్యలో పడ్డారు. తర్వాత దాన్ని కుదించుకుంటూ 16వ తేదీకి 153 × 163కి తెచ్చారు. 17న ల్యాండర్ విడిపోయింది. ఇదంతా కొంచెం తొందరగా చేయొచ్చు. కానీ తొందరపడితే ఏం వస్తుంది? ల్యాండర్ విక్రమ్, దాంట్లోంచి దిగే రోవర్ ప్రజ్ఞాన్ రెండూ సూర్యుడి వెలుగు మీదే బతుకుతాయి. చంద్రుడి మీద పగలు మన లెక్కలో 14 రోజులు, రాత్రి 14 రోజులు, రాత్రి చలి మైనస్ 200 డిగ్రీల దరిదాపులకి పోతుంది. కాబట్టి దిగాల్సింది ఆ చోట పొద్దు పొడిచినప్పుడే, అప్పుడైతే పూర్తి పగలు దక్కుతుంది. ఆ పొద్దు పొడిచే రోజు ఆగస్టు 23. ఎంత ముందుగా కొండెక్కినా సుప్రభాతం వేళకి గానీ గుడి తలుపులు తీయరు కదా, అలాంటిదే ఇది. అపోలో లాంటి రాకెట్ ఉన్నా, దిగే తేదీ 23 దగ్గరే ఉండేది, బయల్దేరడం మాత్రం ఇంకా ఆలస్యంగా ఉండేది.

ఇప్పుడు చంద్రయాన్-2 సంగతి. దారికీ ఆ పతనానికీ సంబంధం లేదు. అది కూడా ఇదే దారిలో 2019 జులై 22న బయల్దేరి ఆగస్టు 20న చంద్రుడి కక్ష్యకి చేరింది. దాని ఆర్బిటర్, అంటే చంద్రుడి చుట్టూ తిరిగే భాగం, తర్వాత కూడా చక్కగా పనిచేసింది, చంద్రయాన్-3 దిగే చోటుని ఎంచుకోవడానికి ఫొటోలు ఇచ్చింది. తప్పు జరిగింది చివరి పావుగంటలో. సెప్టెంబరు 7, రాత్రి ఒంటి గంట యాభై. కాలేజీ సెమినార్ హాల్లో పిల్లలతో కూర్చుని చూస్తున్నాను. తెర మీద అనుకున్న దారి ఒక గీత, నిజంగా పోతున్న దారి ఒక పచ్చ చుక్క. చుక్క గీత నుంచి పక్కకి జరిగింది. కాసేపటికి ఆగిపోయింది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి "సార్, సిగ్నలే పోయిందేమో" అన్నాడు. ఆ స్లోప్ చూశాక నాకు ఆశ లేదు గానీ వాడికి అలా చెప్పలేకపోయాను.

జరిగిందేమిటో అర్థం కావాలంటే ఆ పావుగంట ఎంత టెన్షన్‌తో కూడిన పనో తెలియాలి. చంద్రుడి మీద గాలి లేదు, పారాచూట్ పనికిరాదు. 30 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో, అంటే గంటకు ఆరు వేల కిలోమీటర్లతో అడ్డంగా పోతున్న ల్యాండర్‌ని ఇంజిన్లతోనే సున్నాకి తేవాలి. చంద్రయాన్-3 ల్యాండర్‌కి 800 న్యూటన్ల ఇంజిన్లు నాలుగు, మొత్తం 3,200. చంద్రుడి ఆకర్షణలో 1,752 కిలోల ల్యాండర్ బరువు సుమారు 2,840 న్యూటన్లు. బరువుని మోయగా మిగిలేది కొంచెమే. అందుకే మొదటి దశ బ్రేకు 690 సెకన్లు సాగింది, వేగం 358 మీటర్లకి, ఎత్తు 7.4 కిలోమీటర్లకి వచ్చేదాకా. అదంతా కంప్యూటర్ సొంతంగా చేసుకోవాలి, బెంగళూరు నుంచి స్టీరింగ్ తిప్పే పని లేదు.

చంద్రయాన్-2లో ఇంజిన్లు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ బలం ఇచ్చాయి. ఎక్కువ బలం మంచిదేగా అనిపిస్తుంది. కాదు. బ్రేకు ఎక్కువ పడింది, బండి స్టాపు రాకముందే ఆగిపోయేలా ఉంది. తేడాని వెంటనే సర్దుకునే వీలు లేకపోయింది, ఎందుకంటే మధ్యలో కొంతసేపు ల్యాండర్ ఒకే భంగిమలో నిలబడి కింద నేలని ఫొటోలు తీయాలి. ఆ దశ దాటేసరికి తప్పులన్నీ పోగయ్యాయి, ఒక్కసారిగా గట్టిగా తిరగాల్సి వచ్చింది. అంత వేగంగా తిరగడానికి సాఫ్ట్‌వేర్‌లో హద్దు పెట్టి ఉంది. వీటన్నిటి మీద ఇంకో పట్టు: 500 మీటర్లకి 500 మీటర్ల చిన్న జాగాలోనే దిగాలి. ఆ జాగా అందుకోవాలని ఒక పక్క, వేగం తగ్గించాలని ఇంకో పక్క, రెండు ఆజ్ఞలు ఒకదాన్నొకటి లాక్కున్నాయి. నా మటుకు నాకు అసలు దోషి ఈ జాగా పట్టే అనిపిస్తుంది. బాగా నడపడం వచ్చినవాడికైనా ఇరుకు సందులో రివర్స్ చెయ్యమంటే గీతలు పడతాయి.

చంద్రయాన్-3లో ఆ జాగాని 4 కిలోమీటర్లకి 2.4 కిలోమీటర్లు చేశారు. మధ్యలో ఉన్న అయిదో ఇంజిన్ తీసేశారు. కాళ్ళు గట్టివి పెట్టారు, సెకనుకు 3 మీటర్ల వేగంతో దిగినా తట్టుకునేలా. నేలకి సాపేక్షంగా వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ డాప్లర్ మీటర్ కొత్తగా చేర్చారు, ఇంధనం పెంచారు. అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ దీని గురించి చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది: ఏమేం సవ్యంగా జరగాలో రాసుకోవడం మానేసి, ఏమేం చెడిపోవచ్చో రాసుకుని ఒక్కోదానికి జవాబు పెట్టుకున్నారు.

పనిలో పని, "దక్షిణ ధ్రువం మీద దిగాం" అని అమ్మాయి పరీక్షలో రాయకుండా చూడండి. దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. ధ్రువం అక్కడికి ఇంకా 600 కిలోమీటర్ల పైనే. హైదరాబాదులో దిగి చెన్నై చేరామన్నట్టు ఉంటుంది. అంతకుముందు ఎవరూ చంద్రుడి మీద అంత దక్షిణాన మెత్తగా దిగలేదన్నది మాత్రం అక్షరాలా నిజం. చైనా చాంగే-4 45 డిగ్రీల దగ్గర, అమెరికా సర్వేయర్-7 41 డిగ్రీల దగ్గర దిగాయి.

నలభై రోజులు ఎక్కువనుకునేవాళ్ళకి జపాన్ ల్యాండర్ స్లిమ్ గురించి చెప్పండి. 2023 సెప్టెంబరు 7న బయల్దేరి 2024 జనవరి 20న దిగింది, నాలుగు నెలల పైన. బుధుడి కక్ష్యలో మొదటిసారి చేరిన నాసా నౌక మెసెంజర్‌కి ఆరున్నరేళ్ళు పట్టింది, 2004 ఆగస్టు నుంచి 2011 మార్చి దాకా. బుధుడు దూరమై కాదు. సూర్యుడి వైపు పడుతున్న నౌకకి పెరిగే వేగాన్ని తగ్గించడానికి సరిపడా ఇంధనం మోయలేక, భూమిని, శుక్రుణ్ణి, బుధుణ్ణే పలుమార్లు పలకరిస్తూ వెళ్ళింది. ఆ పలకరింపుల్లో గ్రహం ఆకర్షణ నిజంగానే నౌక వేగాన్ని మారుస్తుంది. ఎందుకంటే గ్రహం కూడా సూర్యుడి చుట్టూ కదులుతోంది, ఇచ్చిపుచ్చుకోవడం దాని వేగంతోనే జరుగుతుంది. బావగారి ఒడిసెల మాట సరిగ్గా అతికే చోటు అది.

పొదుపు వల్ల మనకి ఏం మిగిలిందో కూడా చెప్పాలి. ల్యాండర్‌ని వదిలేశాక, దాన్ని అక్కడిదాకా మోసుకెళ్ళిన ప్రొపల్షన్ మాడ్యూల్‌లో వంద కిలోల పైగా ఇంధనం మిగిలింది. దాన్ని పారేయకుండా, అక్టోబరు 13న ఇంజిన్ ముట్టించి మాడ్యూల్‌ని వెనక్కి తిప్పారు. నవంబరు 10న అది చంద్రుడి పట్టు నుంచి బయటపడి భూమి చుట్టూ కక్ష్యలోకి వచ్చింది. చంద్రుడి నుంచి వెనక్కి రావడం ఎలాగో అలా ఉచితంగా ప్రాక్టీసు చేసుకున్నారు. మట్టి తేవడానికి కేంద్రం 2024 సెప్టెంబరులో ఒప్పుకున్న చంద్రయాన్-4కి ఇది కావాలి. దాన్ని రెండు ఎల్‌వీఎం-3లతో విడివిడిగా పంపి పైన కలుపుతారు. ఒక్క రాకెట్ మోయలేని బరువుకి ఇది ఇంకో రకం వాయిదాల పద్ధతి.

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి అన్నారు, న్యూటన్ నియమాలు ఈ ఏడాదే వస్తాయి. ఆమెకో లెక్క ఇస్తాను. ల్యాండర్ మొదట 1,752 కిలోలు. నేలకి దగ్గరయ్యేసరికి ఇంధనం కాలిపోయి 900 కిలోలు మిగిలిందనుకోమనండి. చంద్రుడి మీద దాని బరువు ఎన్ని న్యూటన్లు? అప్పుడు నాలుగు ఇంజిన్లూ పూర్తి బలంతో మండితే ల్యాండర్ కిందికి దిగుతుందా, పైకి లేస్తుందా? మెత్తగా దిగాలంటే ఎన్ని ఇంజిన్లు ఆపేయాలి? చేసి ఇక్కడే పెట్టమనండి, దిద్దుతాను.